రోజుకు ఆరు బిగింపులు

సేవాదినం 131

శ్రమసేవకు పంపే ప్రతి విద్యార్థీ రోజుకొక పుట రాయాలనీ, అందులో ఫిర్యాదు ఉండరాదనీ విద్యాలయం నియమం. అందులో మొదటి సగం నాకు సమ్మతమే.

ఆరు గంటలకు మెట్లు దిగి, సముద్రం అంచున మా లేతుశాల నిలిచిన ఇనుపతట్టు మీద అడుగు పెట్టాను. కొండ మీది తరగతి గదుల్లో అలసుత్తి పోటు అంటే టీ గ్లాసులో ఒక చిన్న వలయం. ఇక్కడ అది మడమల్లో మొదలై పళ్ళ దాకా వస్తుంది. పదకొండు సెకన్లకొకసారి అల ఆ సుత్తిని, పెద్ద ఇనుపదిమ్మెను, ఎత్తి పడేస్తుంది. పడ్డ ప్రతిసారీ సముద్రపు నీరు జల్లెడ పొరల గుండా దూరి, ఉప్పు వదిలి, కొండ మీది కుళాయిలకు ఎక్కుతుంది. పోటు పడే క్షణంలో ఇక్కడ ఎవరూ మాట్లాడరు. వాక్యం మధ్యలో ఆగి, పోటు దాటాక అందుకుంటారు. నా వాక్యాలు పొడుగు కాబట్టి నేను రెండేసి చోట్ల ఆగవలసి వస్తున్నది.

మొదటి పని నూనెగుడ్డతో యంత్రం మీది ఉప్పు తుడవడం. రెండో పని బిగింపు. మా లేతు యంత్రాల్లో పనిముట్టును మోసే దిమ్మె ఒకటి ముందుకూ వెనక్కూ జారుతుంది. అది ఊగకుండా పక్కన పలుచని ఇనుప పట్టీ, ఆ పట్టీని నొక్కిపట్టడానికి ఐదు చిన్న మరలు, ఆ మరలు కదలకుండా ఒక్కోదానికి ఒక్కో నట్టు. నట్టు మీదుగా యంత్రం ఒంటి మీదికి తెల్లరంగుతో ఒక గీత. బిగించినవారు పాత గీత తుడిచి కొత్తది గీస్తారు. తర్వాత వచ్చినవారికి ఆ గీత విరిగి కనిపిస్తే, నట్టు తనంతట తాను తిరిగిందని అర్థం. నట్టు తిరిగితే మర వదులవుతుంది, దిమ్మె ఊగుతుంది, పంపుల కోసం మేము తీసే కడ్డీ ఒకచోట వెంట్రుక మందం లావుగా వస్తుంది. ఆ కడ్డీ పంపులోకి వెళితే ఉప్పునీరు మంచినీటిలో కలుస్తుంది.

ఈ ఉదయం నా పదకొండో నంబరు యంత్రం మీద ఐదు గీతల్లో మూడు విరిగి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం దిగిపోతూ నేనే బిగించాను. నా తర్వాత ఇద్దరు వస్తూ, పోతూ బిగించారు. ఇన్ని చేతులు పడినా, ఆఖరి చేయి వదిలిన అరగంటకే నట్టు తిరిగిపోయింది.

పక్క యంత్రం లింగరాజు తొంగి చూశాడు. “ఏటి పాపా, నీ మరలూ నీలాగే ఒక్క మాట మీద నిలబడవేటి?”

“ఒక్క మాట మీద నిలబడేవి మేకులు, లింగరాజు గారూ.”

“అందుకే మేకుని సుత్తితో కొడతారు, మరని బతిమాలుకుంటారు. నువ్వు బతిమాలుకో. నాకు టీ వేళయినాది.”

ఆరు కడ్డీలు తీశాను. రెండు పనికిరాలేదు.

సేవాదినం 134

ఈ వారం ఎనిమిదేసి గంటల మూడు పని వంతుల్లోనూ కలిపి నూటికి పంతొమ్మిది కడ్డీలు తిప్పిపంపారు. మూడు నెలల కిందట ఈ సంఖ్య రెండు. ఎక్కడ మొదలైందో నిజాయతీగా రాయాలంటే నా గురించి రాయాలి.

నేను వచ్చిన నెలకు మంచినీటి పరిషత్తు, అలలు వచ్చే తూములు ఇంకా తెరిచి, అలసుత్తి వేగం పెంచింది. అప్పటిదాకా పోటుకూ పోటుకూ నడుమ పద్నాలుగు సెకన్లుండేవి. మరలు వదులవుతాయని అందరికీ భయం పట్టింది. అంతవరకు ఇక్కడి ఆచారం రోజుకు మూడు బిగింపులు: వంతులోకి వచ్చేవారు తమ యంత్రం ఐదు నట్లకూ రెంచీ వేసి ఒక లాగు లాగి, పని మొదలుపెట్టేవారు. నేను నలభయ్యో రోజున పనివాళ్ళ సభలో లేచి నిలబడ్డాను. “వచ్చేవాడికి ఉన్న బాధ్యత వెళ్ళేవాడికి ఎందుకు లేదు? ఇల్లు ఖాళీ చేసేవాడు తలుపు తెరిచిపెట్టి పోతాడా?” అని అడిగాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. పోటు పడ్డప్పుడల్లా ఆగి, ఆ విరామాన్ని కూడా వాదనలో భాగం చేసుకున్నాను. వచ్చేటప్పుడొకటి, వెళ్ళేటప్పుడొకటి, మొత్తం ఆరు బిగింపులు. అన్ని యంత్రాలకూ కొత్త నట్లు. తీర్మానం ఏకగ్రీవం. మరునాడే కొత్త నట్లు వేశారు. చప్పట్లు కొట్టినవారిలో నూకరత్నం కూడా ఉంది.

నూకరత్నం ఇక్కడ బిగింపు పెద్ద. అందరికీ అప్ప, అంటే అక్క. యాభై ఆరేళ్ళు. చీరకొంగు నడుముకు దోపి, అందులో రెంచీ పెట్టుకుని తిరుగుతుంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె పెనిమిటి అప్పన్న యంత్రం మీద ఒక మర వదులై, దిమ్మె ఎగిరి అతని ఛాతీకి తగిలింది. ఆ మరునాటి నుంచి ఈమె, ఎవరూ చెప్పకుండానే, వంతు మారినప్పుడల్లా ఇరవై నాలుగు యంత్రాల దగ్గరికీ వెళ్ళి నూట ఇరవై నట్లనూ తాకుతుంది. ఒక్కోదాన్ని లాగి, “ఉండు” అంటుంది. ఆ మాట నట్టుకు చెప్పినట్టు ఉండదు. అలా పుట్టిందే ఇక్కడి బిగింపు ఆచారం.

మూడు ఆరైన నాటి నుంచి మరలు మరీ వదులవుతున్నాయి. తర్కానికి ఇంతకన్నా అవమానం ఉండదు.

సేవాదినం 139

పరిషత్తు తనిఖీదారు దివాకరం వచ్చి కాగితం చదివాడు. ఉతికి ఆరేసినట్టుండే మనిషి. రోజుకు ఆరుసార్లు బిగించినా మరలు వదులవుతున్నాయంటే బిగించే చేతుల్లో పట్టు తెలియడం లేదని పరిషత్తు అభిప్రాయం. తొమ్మిది రోజుల్లో బహిరంగ విచారణ. మొదటి పేరు బిగింపు పెద్ద నూకరత్నంది.

కొండ మీద చదివినవాళ్ళకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఈ తట్టు మీద ఏళ్ళ తరబడి నిలబడ్డవారికి పోటు వల్ల వేళ్ళలో తిమ్మిరి చేరుతుంది. నట్టు ఎక్కడ పట్టిందో, ఎక్కడ ఇంకా జారుతోందో ఆ వేళ్ళకు అందదు. తిమ్మిరి తేలినవారిని కింద ఉప్పుమళ్ళకు పంపుతారు. అక్కడ సున్నితమైన పని ఉండదని పరిషత్తు వాదన. నిజమే, ఉండదు. ఉన్నదల్లా చెక్కపారలు, పెంకులు, ఉప్పు. తిమ్మిరి చేతికి గాయమైతే తెలియదు. తెలిసేసరికి ఉప్పు తినేసి ఉంటుంది. అక్కడికి వెళ్ళినవారు పదేళ్ళు చేతులతో ఉన్నట్టు నేను వినలేదు.

దివాకరం వెళ్ళాక లింగరాజు నూకరత్నం దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనంత మెల్లగా, “అప్పా, ఈ పిల్ల నోటికి పని సెప్పు. అది కొండని కూడా వాదించి కిందకి దింపీగల్దు” అన్నాడు.

నూకరత్నం నన్ను ఎగాదిగా చూసింది. “ఏటే, వాదిస్తావా?”

“గెలుస్తాను” అన్నాను.

“నానడిగినదేటి, నువ్వు సెప్పినదేటి” అని, రెంచీ తీసుకుని పదిహేనో యంత్రం వైపు వెళ్ళిపోయింది.

సేవాదినం 142

వాదన సిద్ధమైంది. సుత్తి వేగం పెంచింది పరిషత్తు. పోటు పెరిగితే అదురు పెరుగుతుంది, అదురు పెరిగితే మరలు వదులవుతాయి. నేరం పైనుంచి వచ్చింది, శిక్ష కిందికి పంపుతున్నారు. విశ్రాంతి గంటలో చదివి వినిపించాను. లింగరాజు రేకు డబ్బా మీద దరువు వేశాడు. ఒకామె నా ముఖం తుడిచి ముద్దు పెట్టుకుంది. ఇది గెలిచే వాదన. ఎదుటివాడి చేతిలో ఉన్న కాగితం వాడికే తిప్పి చూపించే వాదనలు ఎప్పుడూ గెలుస్తాయి.

అయినా అలసటగా ఉంది. ఎందుకో రాసేస్తాను. ఈ పుట నేను తప్ప ఎవరూ చదవకపోవచ్చు.

రెండు నెలలుగా నా చేతికి పట్టు తెలియడం లేదు. మొదట్లో రెంచీ లాగితే ఒకచోట నట్టు గట్టిగా, మాట ఖాయం చేసినట్టు ఆగేది. ఇప్పుడు ఆగదు. లాగినకొద్దీ మెత్తగా, చల్లారిన అన్నంలో గరిట తిప్పినట్టు వస్తుంది. ఇరవై రెండేళ్ళకే తిమ్మిరి పట్టిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పేరు కూడా ఆ కాగితం మీదికి ఎక్కుతుంది. చెప్పకుండా ఉండడానికి ఇంకాస్త గట్టిగా లాగుతున్నాను. పట్టు తెలియని చేయి బలంతో ఆ లోటు పూడ్చుకోవాలి కదా. సభల్లో నిజం గురించి మూడు పతకాలు గెలిచినదాన్ని నేనే.

సేవాదినం 144

ఇవాళ ఏడో నంబరు యంత్రం మీది గుడ్డ తీశారు.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. లేతు పనివాడు చనిపోతే అతని యంత్రానికి వంద రోజులు మైల. మీద తెల్లగుడ్డ కప్పుతారు. దాని మీద పని చేయరు, నట్లు తాకరు. నూకరత్నం కూడా దాని దగ్గర ఆగదు. ఏడో నంబరు గవరయ్యది. కొత్త నట్లు వేసిన మూడు రోజులకు, అంటే నా నలభై నాలుగో దినాన, జ్వరంతో పోయాడు. ఇవాళ్టికి వంద నిండాయి. ఫోర్‌మన్ సన్యాసిరావు కొబ్బరికాయ కొట్టి, దాన్ని సిద్ధం చేయమని నాకు అప్పగించాడు.

ఉప్పు తుడిచాను. గీతలు చూశాను. ఐదూ చెక్కుచెదరలేదు. ‘పని చేయని యంత్రం కదా, చెదరదు’ అనుకున్నాను. రెంచీ వేసి లాగాను.

ఆగింది.

గట్టిగా, అక్కడికక్కడే, గోడకు భుజం తగిలినట్టు. ఇంకొకదానికి వేశాను. ఆగింది. ఐదూ ఆగాయి. నా పదకొండో నంబరుకు పరుగెత్తి లాగాను. అదే చల్లన్నం. మళ్ళీ ఏడుకు వచ్చాను. ఆగింది. సన్యాసిరావు, “ఏటమ్మా, బొంగరంలా తిరుగుతన్నావు?” అన్నాడు.

నా చేతికి తిమ్మిరి లేదు.

ఏడో నంబరు నుంచి ఒక నట్టు విప్పాను, పదకొండు నుంచి ఒకటి. వాడని కొత్త బోల్టు మీద రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాను. మొదటిది బిగువుగా, పాకే పురుగులా తిరుగుతూ ఎక్కింది. రెండోది గలగలలాడింది. లోపలి మరచుట్లు సాగి, అరిగి, పళ్ళూడిన నోరులా ఉన్నాయి. రెండూ ఒకే రోజున వేసినవి. ఒకే తట్టు మీద, ఒకే పోటు కింద వంద రోజులున్నవి. అదురు నట్టును తిప్పగలదు గాని, లోపలి చుట్లను లాగి సాగదీయలేదు. సాగదీసేది రెంచీ. రోజుకు ఆరుసార్లు పడిన రెంచీ, వాటి పైన నూకరత్నం చేయి.

మరలు వదులవుతున్నది మేము బిగిస్తున్నందువల్ల.

నా తీర్మానం వల్ల అని రాయడానికి ఈ వాక్యం దాకా ఆగాను.

సేవాదినం 145

రెండు దారులున్నాయి. సుత్తి వాదన చేస్తే గెలుస్తాను. నూకరత్నం పేరు కొట్టేస్తారు, నా తీర్మానం నిలుస్తుంది, బిగింపులు సాగుతాయి, కడ్డీలు పాడవుతూనే ఉంటాయి, కొండ మీద పిల్లలు ఉప్పునీళ్ళు తాగుతారు. నిజం చెబితే, పంతొమ్మిదేళ్ళుగా ఆమె “ఉండు” అని తాకిన ప్రతి తాకుడూ హాని చేసిందని, ఆమె ఎదుట, అందరి ఎదుట చెప్పాలి. నిజం చెబితే మంచి నట్టు మీద అందరి చేతులూ పరీక్షిస్తారు; అప్పుడు ఆమె నిలబడుతుందా? నిలబడుతుంది, ఆమె చేతికి నాలాగే పట్టు తెలిస్తే. తప్పు నట్టుదని తేలితే చేయి నిర్దోషి.

అందుకని ముందు ఆమెనే ఏడో నంబరు దగ్గరికి తీసుకువెళ్ళాను. రెండు నట్లూ అరచేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆమె గలగలలాడే నట్టును చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. చాలాసేపు ఆడించింది. మూడు పోట్లు దాటాయి.

“అయితే మేం బిగించీ బిగించీ పాడుసేసీనామంతావు.”

“నేను పాడుచేశానంటున్నాను. మూడున్నప్పుడు ఏడాదికి ఒకసారి నట్లు మారిస్తే సరిపోయేది. ఆరు చేయించింది నేను. ఆ తర్వాత పట్టు తెలియక అందరం గట్టిగా లాగుతున్నాం.”

“అందరంటే?”

“నేనైతే లాగాను. తిమ్మిరి అనుకుని దాచాను. మీకు తెలియలేదా అప్పా, నట్టు మెత్తబడ్డట్టు?”

ఆమె నట్టును కొంగుతో తుడిచింది. “సన్యాసిరావుకి సెప్పినావా?”

“ముందు మీకు. మీరు వద్దంటే సుత్తి వాదనే చేస్తాను. ఒక్కసారి ఈ నట్టుకు రెంచీ వేసి చూడండి. పట్టింది అనిపిస్తే చాలు, విచారణలో మీకేమీ కాదు.”

కొంగులోంచి రెంచీ తీసింది. ఏడో నంబరు మొదటి నట్టుకు వేసింది. కళ్ళు మూసుకుంది. లాగింది. ఆగి, నా వైపు చూసింది.

“పట్టినాదే. బాగా పట్టినాది” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, “ఎల్లు, ఎల్లి రాసుకో. ఆ సుత్తి పురాణం కాలబెట్టు” అంది.

సేవాదినం 148

విచారణ. పరిషత్తు పెద్దలు ఇద్దరు, నడుమ దివాకరం. ముందు బల్ల మీద పరీక్షపీట: ఒక బోల్టు, దాని మీద నట్టు, పక్కన ముల్లు. కళ్ళకు గంత కట్టుకుని రెంచీ లాగి, నట్టు పట్టినచోట ఆగి “పట్టింది” అనాలి. ముల్లు ఎర్రగీత దాటకముందే అంటే చేయి బతికి ఉన్నట్టు.

నేను లేచాను. చప్పట్లు మొదలయ్యాయి. సుత్తి వాదన వస్తుందని వాళ్ళ నమ్మకం.

“నలభయ్యో దినాన ఈ సభలో ఒక తీర్మానం నెగ్గింది. దాన్ని ప్రతిపాదించిన వ్యక్తికి మాటలు తెలుసు, నట్టు గురించి తెలియదు. ఆ వ్యక్తిని ఖండించడానికి వచ్చాను” అన్నాను.

దివాకరం కాగితాలు తిరగేశాడు. “ఆ తీర్మానం మీదే కదమ్మా?”

“అవునండీ. ఇంతకన్నా మొండి ప్రత్యర్థి నాకు ఇంతవరకు దొరకలేదు.”

ఎవరూ నవ్వలేదు. రెండు నట్లూ చూపించాను. బోల్టు మీద ఎక్కించి, మొదటి వరుసలోని పెద్దాయన చేతికిచ్చాను. ఆయన ఆడించాడు. ఆ గలగల శబ్దం పోటుకూ పోటుకూ నడుమ అందరికీ వినిపించింది. లింగరాజు ముఖం నల్లబడింది. తమ చేతులను తామే నిందించుకుంటున్నట్టు అందరూ అరచేతుల వైపు చూసుకున్నారు.

“రెంచీ లాగితే నట్టు పట్టినట్టు తెలియక, తిమ్మిరి అనుకుని, ఎవరికీ చెప్పకుండా గట్టిగా లాగినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?” అని అడిగాను.

ఒక పోటు. రెండో పోటు. నా చేయి ఎత్తాను. మూడో పోటు పడ్డాక లింగరాజు చేయి లేచింది. “ఇంటిదానికి కూడా సెప్పలేదు” అన్నాడు, నేలకేసి చూస్తూ. అతని వెనక ఒకామె. తర్వాత లెక్కపెట్టనక్కర లేకపోయింది. సన్యాసిరావు అందరికన్నా ఆఖరున ఎత్తాడు. మా వంతువాళ్ళం ఇరవై ముగ్గురం, ఎవరి భయం వాళ్ళు దాచుకుని, రోజూ పక్కపక్కనే నిలబడి, ఒకరిని చూసి ఒకరు ఇంకాస్త గట్టిగా లాగాం.

నూకరత్నం చేయి ఎత్తలేదు. ఆమెకు తిమ్మిరి అన్న అనుమానమే రాలేదు కాబట్టి ఎత్తలేదని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా అనిపించింది.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. దివాకరం లేచి, పరీక్షపీట మీద ఏడో నంబరు నట్లే వేయించాడు. న్యాయమే. నేనే అడుగుదామనుకున్నాను. వరుసగా పిలిచారు. లింగరాజు “పట్టింది” అని గంత విప్పకుండానే గెంతాడు. ముల్లు గీతకు ఇవతలే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఇరవై ముగ్గురం. ప్రతి ఒక్కరూ పీట దిగాక తమ వేళ్ళను దూరమై తిరిగొచ్చిన చుట్టాల్లా నిమురుకున్నారు.

చివర నూకరత్నం. గంత తనే కట్టుకుంది. రెంచీ వేసింది. ముల్లు కదిలింది. పట్టవలసిన చోటికి వచ్చింది, దాటింది. నేను లోలోపల “అనండి, అనండి” అంటున్నాను. ఎర్రగీత దాటింది. నట్టు కీచుమంది. బోల్టు మెడ తెగి, పీట కింద ఎక్కడో పడింది.

“పట్టినాది” అంది నూకరత్నం.

సేవాదినం 149

తీర్పు గోడకు అంటించారు. రోజువారీ బిగింపులు రద్దు. ప్రతి మర మీద ఒకదానిపై ఒకటి రెండు నట్లు వేసి, వాటిని ఇనుపతీగతో కట్టాలి. నెలకొకసారి ముల్లున్న రెంచీతో ఒకరే చూడాలి. ఇరవై ముగ్గురి చేతులూ సరైనవి. బిగింపు పెద్ద పదవి ఇక లేదు. నూకరత్నం చేతులకు తిమ్మిరి నిర్ధారణ. పదకొండు రోజుల్లో ఉప్పుమళ్ళు.

సుత్తి వాదన చేసి ఉంటే ఆ పీట ఎక్కవలసిన పనే ఉండేది కాదు.

ఆమె ఇంటికి వెళ్ళాను. చింతపండు పిసుకుతోంది.

“ఎందుకు అబద్ధం చెప్పారు? ఏడో నంబరు దగ్గర మీకు పట్టు తెలియలేదు కదా?”

“నాలుగేళ్ళయినాదే నాకు ఏదీ తెలీక. మొదట సిటికెనేలు. ఇప్పుడు అన్నీ.”

“మరి పట్టింది అన్నారెందుకు?”

“పట్టలేదంటే నువ్వక్కడ ఆ మాట సెబుదువా?”

జీవితంలో ఒక ప్రశ్నకు జవాబు తెలిసీ నోరు విప్పకపోవడం అదే మొదలు.

“సెప్పవు. సుత్తి పురాణం సదివీసి నన్ను గెలిపించీదానివి. ఆడు, లింగరాజు, ఉన్నాడు సూడు, ఆడికి ముగ్గురు పిల్లలు. ఆడు సెయ్యి పాడైపోనాదనుకుని రెణ్ణెల్లుగా ఏడుస్తన్నాడు, నాకు తెల్దేటి? ఆ కిందింటామె కోడలికి కడుపు. ఉప్పునీళ్ళు తాగితే?” పులుసు వడకట్టింది. “అప్పన్న పోనాక నూట ఇరవైకి సెప్పినాను, ఉండు, ఉండు అని. నాను తాకే కొద్దీ అయి వదులైపోతన్నాయని తెలిసినాక ఇంకెలగ తాకనే?”

“అప్పీలు చేస్తాను. తిమ్మిరి చేతులను ఉప్పులోకి పంపే నియమమే తప్పు. వాదిస్తాను.”

“వాదించు. నోరున్నాది కదా. ముందు ఆ ఉల్లిపాయ కొయ్యి.”

సేవాదినం 160

ఇవాళ్టికి పది రోజులుగా ఒక్క గీతా విరగలేదు. కడ్డీల్లో నూటికి ఒకటి తిప్పిపంపారు. వంతు మారే వేళ జనం ఏం చేయాలో తెలియక యంత్రాల పక్కన నిలబడుతున్నారు. లింగరాజు ఇవాళ నట్టు దగ్గరికి చేయి పోనిచ్చి, కాలింది అన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. జోకు వేయలేదు.

అప్పీలు పంపాను. నలభై రోజులకు వాయిదా. నా వాక్యాలు ఈసారి పొట్టిగా ఉన్నాయని విద్యాలయం నుంచి ఒక ఆచార్యుడు చీటీ పంపాడు.

వంతు దిగాక నూకరత్నం పెట్టె మోసుకుని ఆమెతో పాటు ఉప్పుమళ్ళ దాకా దిగాను. మూడు వందల పైచిలుకు మెట్లు. కింద ఎండ కళ్ళు తెరవనివ్వదు. మళ్ళ మేస్త్రీ ఒకాయన పారల గుట్ట చూపించి, ఒక చెక్కపార తీసుకోమన్నాడు. మర్యాదస్తుడే. నీడలో ఉన్న మడి ఇచ్చాడు.

ఆమె ఒక పార తీసుకుని, కర్ర పొడవునా అరచేయి పోనిచ్చింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. తర్వాత నా వైపు చాపింది.

“సూడే. గరుగ్గా ఉన్నాదా, నున్నగా ఉన్నాదా?”

నిమిరి చూశాను. నా చేతికి వెంటనే తెలిసింది.

“గరుకుగా ఉందప్పా. ఇక్కడొక పేడు లేచింది.”

“ఎక్కడ?”

ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ చోట ఆనించాను. ఆమె వేలి వైపు కాక కర్ర వైపు వంగి, కళ్ళతో వెతికి, కనిపెట్టింది. పాతచీర చింపి తెచ్చుకున్న గుడ్డపేలిక తీసి అక్కడ మూడు చుట్లు చుట్టింది. ముడి తను వేయలేకపోయింది. నేను వేశాను.

“ఇంకా ఉన్నాయేటి?”

“ఇంకొకటుంది. కింద.”

“సూపించు.”